అయిదున్నర గంటల ధీమా

మన దేశంలో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లకి టైమ్ జోన్ అంటే ఒక కూడిక. యూటీసీకి అయిదున్నర గంటలు కలిపితే మన టైమ్ వచ్చేస్తుంది. ఉగాదికీ అంతే, దసరాకీ అంతే. ఈ కూడిక ఎప్పుడూ తప్పదు. తప్పదు కాబట్టే చేటు చేస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని డాలస్ ఆసుపత్రికో లండన్ బీమా కంపెనీకో జావాలో కోడ్ రాసేటప్పుడు కూడా చెయ్యి ఆ కూడిక మీదికే పోతుంది. డాలస్‌కీ మనకీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరిపాక, సోమవారం నాటికి మన రిపోర్టుల్లో గంట తేడా తేలుతుంది. ఎవరో ఒకరు కోడ్‌లో ఒక గంట సరిచేస్తారు. నవంబర్ మొదటి ఆదివారం దాటాక ఇంకెవరో ఆ దిద్దుబాటును తీసేస్తారు. ఏళ్ల తరబడి ఇలా నడుస్తున్న ప్రాజెక్టులు లేకపోలేదు.

జావా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఈలోగా తేదీల కోసం ఆ భాష చేతికిచ్చిన పరికరాలు రెండు సార్లు మారాయి. వాటి మంచిచెడ్డలు చూసే ముందు నా తీర్పు చెప్పేస్తాను: తేదీని అక్షరాల్లోకి మార్చేటప్పుడు, అంటే ఫార్మాట్ చేసేటప్పుడు కనిపించే తప్పుల్లో చాలావరకు అక్కడ పుట్టినవి కావు. విలువను ఏ రకంగా దాచుకున్నామో అక్కడే అవి పుట్టాయి. ఫార్మాటర్ వాటిని బయటపెడుతుంది, అంతే. తిట్లన్నీ తింటున్నది మాత్రం ఫార్మాటరే.

మొదటి తరం 1996 నాటి డేట్ క్లాస్. పేరు డేట్ గానీ అందులో తేదీ లేదు. 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల సంఖ్య ఒక్కటే ఉంది. ఆ సంఖ్యకు జోన్ లేదు, గడియారం లేదు. ప్రింట్ చేస్తే మాత్రం వారం, నెల, గంట, చివర ఐఎస్‌టీ అని కూడా కనిపిస్తుంది. ఆ ఐఎస్‌టీ విలువలోంచి వచ్చింది కాదు. ప్రోగ్రామ్ నడుస్తున్న మిషన్ సెట్టింగ్ నుంచి అప్పటికప్పుడు అరువు తెచ్చుకున్నది. ల్యాప్‌టాప్‌లో ఐఎస్‌టీ అని వచ్చిన విలువే క్లౌడ్ సర్వర్‌లో యూటీసీ అని వస్తుంది. 'డేట్‌ని యూటీసీలోకి ఎలా మార్చాలి' అని ఏటా వేలమంది కొత్తవాళ్లు అడుగుతూనే ఉంటారు. మార్చడానికి అక్కడ ఏమీ లేదని వాళ్లకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఆ ప్రింటు చూసి చెప్పేవాళ్లూ మోసపోతారు.

1997లో వచ్చిన జావా 1.1 క్యాలెండర్, టైమ్‌జోన్, సింపుల్‌డేట్‌ఫార్మాట్ అనే క్లాసులను తెచ్చింది. జోన్ భారాన్ని సింపుల్‌డేట్‌ఫార్మాట్ మోస్తుంది. ఏ జోన్‌లో చూపాలో దానికి చెప్పాలి, చెప్పకపోతే మిషన్ జోన్ వాడుకుంటుంది. దీని మీద చాలామందికి గుర్తున్న ఫిర్యాదు థ్రెడ్ల గురించి. ఒకే ఫార్మాటర్‌ను స్టాటిక్‌గా పెట్టుకుని పది థ్రెడ్లు వాడితే ఒకరి తేదీ ఇంకొకరి రిపోర్టులో తేలుతుంది. అది నిజమే గానీ, అంతకంటే నెమ్మదిగా, ఎక్కువమందిని ముంచిన తప్పు ఇంకొకటుంది.

ఐఎస్‌ఓ పద్ధతిలో రాసిన టైమ్ చివర జెడ్ అనే అక్షరం ఉంటే అది యూటీసీ అని అర్థం. పాత జావా కోడ్‌లో ఏ మూల చూసినా ఆ జెడ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన ప్యాటర్న్ కనిపిస్తుంది. కొటేషన్‌లో పెడితే అది ఉత్త అక్షరం. ఫార్మాటర్ దాన్ని చూసి ఏ మార్పూ చేయదు. తన జోన్‌లో ఉన్న గంటలు రాసి, చివర జెడ్ అతికిస్తుంది. ఐఎస్‌టీలో ఉదయం పది గంటలను '10:00 యూటీసీ' అని ప్రకటిస్తుంది. అందుకున్నవాడు దాన్ని మళ్లీ మన టైమ్‌లోకి తెచ్చి మధ్యాహ్నం మూడున్నర అని చదువుతాడు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఇదే కోడ్ యూటీసీలో నడిచే సర్వర్ మీద సరిగ్గా పనిచేస్తుంది. కాబట్టి ప్రొడక్షన్‌లో తప్పు కనిపించదు, డెవలపర్ ల్యాప్‌టాప్‌లోనే కనిపిస్తుంది. 'నా మిషన్‌లోనే ఏదో తేడా ఉంది' అని అతను వదిలేస్తాడు. ఎప్పుడో ఒకనాడు ఆ సర్వర్‌ను ముంబైలోని డేటా సెంటర్‌కు మార్చి, దాని గడియారాన్ని ఐఎస్‌టీకి పెట్టినప్పుడు అసలు కథ మొదలవుతుంది.

జోన్ పేర్ల విషయంలో ఆ తరం చూపిన ఉదారత మరీ ప్రమాదకరం. టైమ్‌జోన్ క్లాస్‌ను 'ఆసియా/హైదరాబాద్' కావాలని అడిగి చూడండి. అలాంటి జోన్ లేదు. అది లేదని చెప్పదు. చడీచప్పుడు లేకుండా జీఎంటీ ఇచ్చేస్తుంది. పేరులో ఒక అక్షరం తప్పుపడ్డా ఫలితం అదే. మూడక్షరాల పొట్టి పేర్లు ఇంకో తలనొప్పి. ఐఎస్‌టీ అంటే మనకు ఇండియా. ఇజ్రాయెల్‌వాళ్లకూ ఐర్లండ్‌వాళ్లకూ వాళ్లవాళ్ల ఐఎస్‌టీలు ఉన్నాయి. జావా ఈ ఒక్క చోట మన పక్షం వహించి కోల్‌కతా అనుకుంటుంది, సంతోషం. కానీ బీఎస్‌టీ అంటే లండన్ వేసవి టైమ్ అనుకుని రాసినవాడికి అది ఢాకాను ఇస్తుంది. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ అనుకున్నవాడికి ఏడాదంతా మారని మైనస్ అయిదు గంటలు ఇస్తుంది. న్యూజెర్సీ క్లయింటుకు వేసవి ఎనిమిది నెలలూ గంట తేడాతో మెయిళ్లు పోతాయి. ఈ పొట్టి పేర్లు వాడొద్దని జావా పత్రాల్లో ఎప్పటినుంచో రాసే ఉంది.

ఈ గందరగోళం భరించలేక స్టీఫెన్ కోల్‌బోర్న్ జోడా-టైమ్ అనే లైబ్రరీ తయారుచేశారు. చాలా ఏళ్లు పెద్ద ప్రాజెక్టులన్నీ దాని మీదే నడిచాయి. ఆ అనుభవంతోనే ఆయనా మరికొందరూ కలిసి జేఎస్ఆర్-310 అనే ప్రతిపాదన రాశారు. 2014 మార్చిలో జావా 8తో పాటు అది భాషలో భాగమైంది. దాని గొప్పతనం కొత్త సదుపాయాల్లో కంటే విడదీయడంలో ఉంది. ప్రపంచమంతటికీ ఒకటే అయిన క్షణానికి ఇన్‌స్టంట్. గోడ మీద గడియారమూ క్యాలెండరూ చూపేదానికి లోకల్‌డేట్‌టైమ్. అది ఏ ఊరి గోడో దానికి తెలియదు. ఊరితో సహా తెలిసినదానికి జోన్డ్‌డేట్‌టైమ్. యూటీసీకి ఎంత తేడానో మాత్రమే తెలిసి, ఆ ఊరి నియమాలు తెలియనిదానికి ఆఫ్‌సెట్‌డేట్‌టైమ్. డేట్ అనే ఒక్క పేరు కింద కలిసిపోయినవన్నీ ఇక్కడ వేరువేరు రకాలు. ఒకటి అడిగిన చోట ఇంకొకటి ఇస్తే కోడ్ కంపైల్ కాదు.

డేలైట్ సేవింగ్ రోజున ఈ విడదీత ఎంత పనికొస్తుందో డాలస్ ఉదాహరణతోనే చూద్దాం. ఆ ఊరి జోన్ పేరు అమెరికా/షికాగో. 2025 మార్చి 9 తెల్లవారుజామున రెండు కాగానే గడియారం మూడుకు దూకింది. ఆ రోజు రెండున్నర అనే టైమే అక్కడ లేదు. ఆ జోన్‌లో రెండున్నరను తయారుచేయమంటే జోన్డ్‌డేట్‌టైమ్ గంట ముందుకు జరిపి మూడున్నర ఇస్తుంది. అలా జరపడం ఇష్టం లేదు, తప్పని చెప్పు అనేవాళ్లకు 'ఆఫ్‌స్ట్రిక్ట్' అనే మెథడ్ ఉంది; అది ఎక్సెప్షన్ విసురుతుంది. డబ్బుతో ముడిపడిన కోడ్‌లో నేనైతే రెండోదే వాడమంటాను. వినియోగదారుడు ఫారంలో లేని టైమ్ ఎంచుకుంటే, అతనికి చెప్పకుండా దాన్ని మార్చడం సాయం కాదు.

నవంబర్ 2 సంగతి ఇంకా చిక్కు. ఆ రోజు అక్కడ ఒకటిన్నర రెండు సార్లు వచ్చింది. మొదటిది యూటీసీకి అయిదు గంటలు వెనక, రెండోది ఆరు గంటలు వెనక. మన గడియారంలో అవి మధ్యాహ్నం పన్నెండూ, ఒంటిగంటా. ఏ ఒకటిన్నరో చెప్పకపోతే జావా మొదటిదాన్ని తీసుకుంటుంది. రెండోది కావాలంటే విడిగా అడగాలి. ఇప్పుడు ఫార్మాటింగ్ దగ్గరికి రండి. మీ ప్యాటర్న్‌లో తేదీ, గంట, నిమిషం మాత్రమే ఉంటే, గంట తేడాతో జరిగిన రెండు లావాదేవీలకూ లాగ్‌లో ఒకే అక్షరాలు పడతాయి. డబ్బు తీసింది ముందా, ఖాతా నిలిపింది ముందా అని ఎవరైనా తర్వాత అడిగితే ఆ లాగ్ జవాబు చెప్పలేదు. రాసేటప్పుడు పోయిన సమాచారాన్ని చదివేటప్పుడు ఎవరూ తిరిగి తేలేరు. ఫార్మాటింగ్ తనంతట తాను చేసే నష్టం ఇదొక్కటే, దీనికి మందు కూడా సులువే: ఆఫ్‌సెట్ రాయండి.

ఆఫ్‌సెట్ రాయడానికి ప్యాటర్న్‌లో అక్షరాలు చాలానే ఉన్నాయి. స్మాల్ జెడ్ జోన్ పొట్టి పేరు రాస్తుంది. మనుషులు చదవడానికి బాగుంటుంది, మిషన్‌కు ఇస్తే పైన చెప్పిన ఐఎస్‌టీ రామాయణం మళ్లీ మొదలు. క్యాపిటల్ జెడ్ ఒక్కటి పెడితే +0530 అని వస్తుంది. క్యాపిటల్ ఎక్స్ మూడు పెడితే +05:30 అనీ, యూటీసీ అయితే నిజమైన జెడ్ అనీ వస్తుంది. క్యాపిటల్ వి రెండు పెడితే ఆసియా/కోల్‌కతా లాంటి పూర్తి పేరు వస్తుంది. మిషన్లు చదివేదానికి సొంత ప్యాటర్న్ రాయకుండా సిద్ధంగా ఉన్న ఐఎస్‌ఓ ఫార్మాటర్లు వాడటమే మేలు. అవి కూడా మచ్చలేనివేం కావు. పైన చెప్పిన నవంబర్ ఒకటిన్నరను ఆఫ్‌సెట్, జోన్ రెండూ కలిపి శుభ్రంగా రాసిపెట్టినా, జావా 8 తిరిగి చదివేటప్పుడు ఆ ఆఫ్‌సెట్‌ను పట్టించుకోకుండా మొదటి ఒకటిన్నరనే ఇచ్చేది. జావా 9లో సరిచేశారు. ఇప్పటికీ జావా 8 మీద నడుస్తున్న బ్యాంకు సిస్టమ్‌లు ఎన్ని ఉన్నాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు.

ప్యాటర్న్ అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి: సంవత్సరానికి స్మాల్ వై బదులు క్యాపిటల్ వై పెడితే డిసెంబర్ చివరి రోజులు వచ్చే ఏడాదిలోకి పోతాయి. అది వారాల లెక్కన నడిచే సంవత్సరం. టైమ్ జోన్‌తో సంబంధం లేకపోయినా, ఆ తప్పు నెత్తి మీద పడ్డ ప్రతి టీమూ మొదట నిందించేది టైమ్ జోన్‌నే.

కొత్త తరం మీద కూడా ఫిర్యాదులు ఉన్నాయి. లోకల్‌డేట్‌టైమ్‌ను జోన్ అక్షరం ఉన్న ప్యాటర్న్‌తో ఫార్మాట్ చేస్తే ఎక్సెప్షన్ వస్తుంది. ఇన్‌స్టంట్‌ను 'సంవత్సరం-నెల-తేదీ' ప్యాటర్న్‌తో రాయమన్నా ఎక్సెప్షనే. ఫార్మాటర్‌కు ముందు జోన్ చెప్పాలి. ఇది విసుగు పుట్టిస్తుందని చాలామంది అంటారు. నా దృష్టిలో ఈ లైబ్రరీలో మెచ్చుకోవలసింది ఈ విసుగునే. పాత తరం మనల్ని అడగకుండా మిషన్ జోన్ వాడేసింది, కొత్తది అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబుగా 'సిస్టమ్ డిఫాల్ట్' అని రాసి ముందుకు పోయేవాళ్లను మాత్రం ఏ లైబ్రరీ కాపాడలేదు. ఎక్సెప్షన్ పోయింది, 1996 తిరిగొచ్చింది.

కొత్త తరంలో నిజమైన పాపం వేరే ఉంది: లోకల్‌డేట్‌టైమ్‌ను అన్నిటికీ వాడటం. పేరు ఇంపుగా ఉంది, డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ కాలమ్‌తో చక్కగా అతుకుతుంది, ఏ ఎక్సెప్షనూ రాదు. కానీ గోడ గడియారం రీడింగులు రెండింటి మధ్య ఎంత సేపు గడిచిందో లెక్కించమంటే డేలైట్ సేవింగ్ దానికి కనిపించదు. డాలస్ ఆసుపత్రిలో నర్సు శనివారం రాత్రి పదకొండుకు ఎక్కి ఆదివారం ఉదయం ఏడుకు దిగింది. లోకల్‌డేట్‌టైమ్ లెక్కలో ఎప్పుడూ ఎనిమిది గంటలే. మార్చి ఆ రాత్రి ఆమె పనిచేసింది ఏడు గంటలు, నవంబర్ ఆ రాత్రి తొమ్మిది. జోన్డ్‌డేట్‌టైమ్‌తో లెక్కిస్తే జీతం సరిగ్గా వస్తుంది. అలాగే జోన్డ్‌డేట్‌టైమ్‌కు ఒక రోజు కలపడం, ఇరవై నాలుగు గంటలు కలపడం ఒకటి కావు. రోజు కలిపితే రేపు ఇదే గంటకు చేరతాం; గంటలు కలిపితే ఆ రెండు ఆదివారాల్లో గంట అటో ఇటో తేలతాం.

'మనకు డేలైట్ సేవింగ్ లేదుగా' అనేవాళ్లు పుట్టిన తేదీల మీద ఒకసారి దృష్టి పెట్టాలి. పాత అప్లికేషన్లలో పుట్టిన తేదీని డేట్ క్లాస్‌లో దాచడం మామూలు. అంటే ఆ రోజు అర్ధరాత్రి అనే క్షణం. ఐఎస్‌టీలో జూలై 1 అర్ధరాత్రి యూటీసీలో జూన్ 30 సాయంత్రం ఆరున్నర. యూటీసీ సర్వర్ దాన్ని ఫార్మాట్ చేసి పంపితే మనిషి ఒక రోజు ముందే పుట్టేస్తాడు. పుట్టిన తేదీ ఒక క్షణం కాదు కాబట్టి దానికి జోన్ అక్కర్లేదు. లోకల్‌డేట్‌లో దాచి, అలాగే ఫార్మాట్ చేస్తే ఏ సర్వర్ మీదైనా మారదు.

పైగా 'మనకు లేదు' అన్న మాట చరిత్రలో నిలవదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన గడియారాలు కూడా గంట ముందుకు జరిగాయి. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా దేశం యూటీసీకి ఆరున్నర గంటలు ముందుంది. జావాకు ఇది తెలుసు. 1944లో పుట్టిన ఒక పెద్దాయన తేదీని అర్ధరాత్రిగా మార్చేటప్పుడు అది ఆరున్నర గంటలు తీస్తుంది. ఆ విలువను అందుకున్న ఇంకో ప్రోగ్రామ్ అయిదున్నరే కలిపితే ముందురోజు రాత్రి పదకొండు గంటలు అవుతుంది. పెద్దాయన పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది. 1940లోనో 1946లోనో పుట్టిన ఆయన తోబుట్టువుల తేదీలు అదే కోడ్‌లో సరిగ్గానే ఉంటాయి. ఇలాంటి బగ్ రిపోర్టు వస్తే ఎవరైనా డేటా ఎంట్రీ తప్పనే అనుకుంటారు.

ఇంకా వెనక్కి పోతే మన ప్రాంతపు వాసన కూడా తగులుతుంది. అయిదున్నర గంటల ప్రామాణిక సమయం 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన తీరంలో కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అంతకు ముందు రైల్వేలు మద్రాసు టైమ్ మీద నడిచేవి. జావాలో ఆసియా/కోల్‌కతా జోన్‌తో 1900వ సంవత్సరపు తేదీ ఏదైనా ప్రింట్ చేసి చూడండి. ఆఫ్‌సెట్ +05:21:10 అని వస్తుంది. కోల్‌కతా పేరు కింద బతికి ఉన్న మద్రాసు అబ్జర్వేటరీ గడియారం అది. అదే తేదీని మూడు ఎక్స్‌ల ప్యాటర్న్‌తో ఫార్మాట్ చేస్తే ఆ పది సెకన్లు రాలిపోతాయి.

ఇదంతా జావా సొంత పరిజ్ఞానం కాదు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టి, పాల్ ఎగర్ట్ కొనసాగిస్తున్న టైమ్ జోన్ డేటాబేస్ దీనికి మూలం. ఇప్పుడది ఐయానా సంస్థ గొడుగు కింద ఉంది. ఏ దేశం ఎప్పుడు గడియారం జరిపిందో, ఎప్పుడు మానేసిందో అందులో వరస పెట్టి ఉంటుంది. నిజానికి టైమ్ జోన్ అంటే ప్రభుత్వ ఉత్తర్వుల చరిత్రే. సమోవా 2011 డిసెంబర్ 30వ తేదీని క్యాలెండర్ నుంచే ఎగరగొట్టింది. టర్కీ 2016లో వేసవి టైమ్‌ను శాశ్వతం చేసుకుంది. బ్రెజిల్ 2019లో, మెక్సికోలో చాలా భాగం 2022లో గడియారాలు జరపడం మానేశాయి. ఈజిప్టు 2023లో మళ్లీ మొదలుపెట్టింది. మొరాకో రంజాన్ నెలలో గంట వెనక్కి వెళ్లి, ఆ తర్వాత తిరిగొస్తుంది.

గతం కూడా స్థిరం కాదు. 1927 చివరి రాత్రి షాంఘైలో ఒక సెకను తేడా ఉన్న రెండు టైమ్‌లను తీసివేస్తే పాత జావా 353 సెకన్లు అని చెప్పేది. అప్పుడు అక్కడ గడియారం సుమారు ఆరు నిమిషాలు వెనక్కి జరిగిందని డేటాబేస్‌లో ఉండేది. తర్వాత ఆ మార్పు 1900 చివరిదని తేల్చి సవరించారు. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే జవాబు మారిపోయింది.

జావాలో ఈ డేటాబేస్‌కు సొంత ప్రతి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేస్తే చాలదు, జావాను కూడా చేయాలి, లేదా దాని టైమ్ జోన్ ఫైలును మార్చే పరికరాన్ని విడిగా నడపాలి. అమెరికా 2005లో చట్టం చేసి 2007 నుంచి డేలైట్ సేవింగ్ తేదీలు మార్చినప్పుడు ఈ సంగతి ప్రపంచానికి తెలిసొచ్చింది. ఇప్పుడు కూడా ఒకే అప్లికేషన్‌లో డేటాబేస్ సర్వర్‌కు ఒక ప్రతి, జావాకు ఒకటి, బ్రౌజర్‌కు ఒకటి ఉంటాయి. అవి పోట్లాడుకున్న ఒక సందర్భం మనవాళ్లకు బాగా తెలుసు. విండోస్ మీద నడిచే జావా మన జోన్‌ను ఇంకా ఆసియా/కలకత్తా అనే పాత పేరుతోనే పిలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరునే సర్వర్‌కు పంపుతుంది. ఇటీవలి లైనక్స్ పంపిణీలు కొన్ని పాత పేర్లను వేరే ప్యాకేజీలోకి తీసేశాయి కాబట్టి సర్వర్ ఆ పేరు చెల్లదని తిప్పికొడుతుంది. కోడ్‌లో తప్పు లేదు, పాస్‌వర్డ్ సరైనదే, అయినా కనెక్షన్ రాదు. జావా నడిపేటప్పుడు జోన్‌ను ఆసియా/కోల్‌కతా అని స్పష్టంగా చెబితే పోతుంది.

ఫార్మాట్ అయిన అక్షరాలు కూడా ఇలాగే బయటి డేటా మీద ఆధారపడ్డాయి. జావా 9 నుంచి భాషలవారీ రూపాలు యూనికోడ్‌వారి సీఎల్‌డీఆర్ నుంచి వస్తున్నాయి. తెలుగు లొకేల్ ఇస్తే నెలల పేర్లు తెలుగులో రావడం దాని పుణ్యమే. కానీ 2023 నాటి జావా 20లో ఇంగ్లిష్ టైమ్‌కూ ఏఎం, పీఎంలకూ మధ్య మామూలు ఖాళీ బదులు విరగని సన్న ఖాళీ చేరింది. కంటికి తేడా తెలియదు. పాత అక్షరాలను తిరిగి చదివే కోడ్, అక్షరాలు పోల్చే టెస్టులు వరసపెట్టి కూలాయి. మనుషుల కోసం ఫార్మాట్ చేసినదాన్ని మిషన్‌తో చదివించొద్దు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక అందరూ చెప్పే సలహా: అన్నీ యూటీసీలో దాచుకో, చూపేటప్పుడు మాత్రం ఊరి టైమ్‌లోకి మార్చు. జరిగిపోయిన వాటికి ఇది నూటికి నూరుపాళ్లు సరైనది. చెల్లింపు జరిగిన క్షణం, లాగిన్ అయిన క్షణం ఇన్‌స్టంట్‌గా దాచాలి. జరగబోయే వాటికి మాత్రం ఇదే సలహా తప్పుదారి పట్టిస్తుంది. వచ్చే ఏడాది జూలైలో పారిస్‌లో ఉదయం పదికి అపాయింట్‌మెంట్ ఉందనుకుందాం. ఇవాళ్టి నియమాల ప్రకారం దాన్ని యూటీసీలోకి మార్చి దాచాం. యూరోపియన్ పార్లమెంటు గడియారాలు జరపడం ఆపాలని 2019లోనే ఓటు వేసింది, సభ్య దేశాల మధ్య ఇంకా కుదరలేదు. అమెరికా సెనేట్ 2022లో వేసవి టైమ్‌ను శాశ్వతం చేసే బిల్లు ఆమోదించింది, అది ప్రతినిధుల సభ దాటలేదు. ఈలోగా ఫ్రాన్స్ చలికాలపు టైమ్‌నే శాశ్వతం చేసుకుంటే దాచిన యూటీసీ విలువ పారిస్‌లో తొమ్మిది అయిపోతుంది, డాక్టర్ మాత్రం పదికే వస్తాడు. కాబట్టి భవిష్యత్తు తేదీలకు లోకల్‌డేట్‌టైమ్, దాని పక్కన వేరే కాలమ్‌లో యూరప్/పారిస్ అనే జోన్ పేరు దాచాలి. క్షణాన్ని అవసరమైనప్పుడు, ఆనాటి నియమాలతో లెక్కించుకోవాలి.

ఇది మరీ అతి జాగ్రత్త అనిపిస్తే 2023 మార్చిలో లెబనాన్‌లో ఏం జరిగిందో చూడండి. ఆ నెల 26న గడియారాలు ముందుకు జరపాల్సి ఉండగా, రంజాన్ ఉపవాసాల దృష్ట్యా ఏప్రిల్ దాకా వాయిదా వేస్తున్నట్టు ప్రభుత్వం కొద్ది రోజుల ముందు ప్రకటించింది. దేశంలో కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు. పాత తేదీకే జరిపాయి. ఒకే ఊళ్లో రెండు టైమ్‌లు నడిచాయి. వారం తిరక్కుండానే ప్రభుత్వం నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆ నాలుగు రోజులు ఆసియా/బీరూట్ జోన్‌తో నడిచిన ఏ జావా ప్రోగ్రామ్ అయినా తన దగ్గరున్న నియమాల ప్రకారమే ఫార్మాట్ చేసింది. చూసేవాడి గడియారంతో అది కలవడం, కలవకపోవడం ఆ మనిషి ఏ ఆఫీసులో పనిచేస్తున్నాడన్నదాన్ని బట్టి ఉంది.